అట్ట తెరవకముందే ఈశ్వరరావు గారు

ఈశ్వరరావు గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ పుస్తకమైనా సరే, అట్ట తెరవకముందే అందులో ఏమేం ఉండాలో కాగితం మీద రాసుకుంటారు. చదవడం అయ్యాక ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క వరుసకీ టిక్కో, ఇంటూ మార్కో వేస్తారు. ఇంటూలు ఎక్కువైతే ఫెయిల్. రాసినవాడు ఎంత గొప్పవాడైనా, దానికి ఎన్ని బహుమతులొచ్చినా, ఫెయిలంటే ఫెయిలే.

ఈ జబ్బు ఉద్యోగం నుంచి అంటుకుంది. న్యూజిలాండ్‌లో కారు రోడ్డెక్కాలంటే, రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఎవరో ఒకరు చూసి అద్దానికి చిన్న స్టిక్కర్ అంటించాలి. దాన్నే వారంట్ అంటారు. హామిల్టన్‌లో ఒక గ్యారేజీలో ఆ ఎవరో ఒకరు ఈశ్వరరావు గారు. తణుకు బస్సు డిపోలో పదిహేనేళ్ళు, ఇక్కడ పద్నాలుగేళ్ళు, మొత్తం ఇరవై తొమ్మిదేళ్ళు బళ్ళ కింద పడుకుని పైకి చూసిన మనిషి.

"బండికి లిస్టు ఉన్నప్పుడు పుస్తకానికెందుకు ఉండకూడదండీ?" అని అడుగుతారు. "బండి చెడితే ఒక్క బండే ఆగుతుంది. పుస్తకం చెడితే మనిషి చదవడమే మానేస్తాడు. ఏది ప్రమాదం?"

అందులోనూ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల సంపుటాలంటే ప్రాణం. నవలైతే ఒక్క బండి. సంపుటమైతే పన్నెండు బళ్ళు వరసగా వచ్చి నిలబడ్డట్టు. సిటీ లైబ్రరీలో ఆ అలమరలో ఉన్న ప్రతి సంపుటాన్నీ ఆయన తనిఖీ చేశారు. చేసి, ఫలితాల కాగితం అట్ట లోపల పెట్టి మరీ వెనక్కిచ్చారు. మొదట్లో లైబ్రరీవాళ్ళు తీసి పారేసేవాళ్ళు. తర్వాత కౌంటర్లో ఉండే కివీ ఆవిడ, అంటే ఈ దేశపావిడే, "ఈ పుస్తకానికి మిస్టర్ రావ్ కాగితం లేదేమిటి?" అని పాఠకులు అడుగుతున్నారని చెప్పి, ఆయనకో ఫైలే ఇచ్చింది.

పుస్తకాలతో ఆగితే బాగుండేది. ఒకసారి వాళ్ళావిడ సుభద్ర గారు కొత్తరకం పులుసు పెడతానన్నారు. ఈయన భోజనానికి కూర్చునే ముందు జేబులోంచి కాగితం తీశారు.

"ఏంటది?" అన్నారు సుభద్ర గారు.

"పులుసు మీద నా అంచనాలే. ఏం లేదు, అయిదు పాయింట్లు."

"నాకూ ఒకటుంది అంచనా. ఇవాళ మీరు బ్రెడ్డు తింటారని."

ఆవిడ అంచనాకు టిక్ పడింది.

ఇలాంటి మనిషి చేతిలో శ్రీవత్స పడ్డాడు. ఇరవై రెండేళ్ళవాడు. యూనివర్సిటీలో ఇంజినీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేసి, పగలంతా కొరియర్ వ్యాన్ నడుపుతూ కథలు రాస్తున్నాడు. ఎందుకు వదిలేశావంటే "బోరు కొట్టింది" అని చెప్పేవాడు. అందరూ అంతకంటే పెద్ద కారణం ఏదో ఉంటుందని ఎదురుచూసేవాళ్ళు. లేదు. బోరే కొట్టింది.

వాళ్ళ నాన్న రాజారావు వ్యవసాయ యంత్రాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ చూస్తాడు. కొడుకు మాట విని అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఉగాది దాకా టైమిస్తున్నా. పుస్తకం వస్తే నీ దారి నీది. రాకపోతే జులైలో మళ్ళీ కాలేజీలో చేరాలి" అన్నాడు. శ్రీవత్స సరేనన్నాడు. అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య కారు తాళం ఎక్కడుంది, పాలు ఉన్నాయా అన్న రెండు విషయాలే నడుస్తున్నాయి.

పుస్తకం రావడానికి ఒక్కటే దారి. తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఒక పుస్తకం విజయవాడలో అచ్చు వేయించి తెప్పిస్తుంది. ఏ పుస్తకమో కమిటీ తేలుస్తుంది. కమిటీ తరఫున చదివి చెప్పే పని, చేతిలో కాగితం పట్టుకుని ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు గనక, ఈశ్వరరావు గారిదే.

ఆ సంగతి తెలియకుండానే శ్రీవత్స 2015 నవంబరులో ఒక మంగళవారం వ్యాన్‌ను వారంట్‌కు తీసుకెళ్ళాడు.

"ఎడమవైపు ఇండికేటర్ ఫెయిల్. ముందు టైరు అరిగిపోయింది, ఫెయిల్" అన్నారు ఈశ్వరరావు గారు టార్చి వేసి చూస్తూ. "సీటు మీద ఆ కాగితాలేంటి?"

"కథలండి."

"ఎవరివి?"

"నావే."

"ఏం కథలు?"

"సైన్స్ ఫిక్షన్. కొన్ని ఫాంటసీ. పదకొండున్నాయి. తెలుగులో. మొదటి కథలో ఒకడు..."

"ఆపు!" ఈశ్వరరావు గారు రెండు చెవులూ మూసుకున్నారు. "ఒక్క ముక్క చెప్పకు. చెప్పావంటే నా అంచనా పాడైపోతుంది. అక్కడే నిలబడు!"

ఆఫీసులోకి పరిగెత్తి కాగితం తెచ్చారు. వెనకాల మూడు కార్లు ఎదురుచూస్తున్నాయి. ఆయన వ్యాన్ బానెట్ మీద కాగితం పెట్టి, పైకి చదువుకుంటూ రాశారు.

"ఒకటి. లోకం ఏదైనా కావచ్చు, నియమం ఉండాలి. పెట్టిన నియమాన్ని రచయితే తప్పకూడదు. రెండు. యంత్రం పేరు చెప్పి ఊరుకోకూడదు. అది ఎవడికి పనికొచ్చిందో, ఎవడి కొంప ముంచిందో చెప్పాలి. మూడు. చివర్లో అంతా కల అనకూడదు. అంటే పుస్తకం మొత్తం ఫెయిల్. నాలుగు. పదకొండింట్లో రెండైనా నన్ను కుర్చీలోంచి లేపాలి. అయిదు. ఒక్కటైనా మధ్యలో ఆపి భోజనానికి వెళ్ళలేకపోవాలి."

అడుగున ఒక వాక్యం ముందే అచ్చై ఉంది. 'ఈ అంచనా నేనే రాశాను కాబట్టి, పుస్తకం చదివి తేల్చవలసిన బాధ్యత నాదే.' కింద సంతకం పెట్టి, తేదీ వేసి, అప్పుడు గానీ ఆయన కథలు ముట్టుకోలేదు.

పదిరోజుల తర్వాత ఫలితం వచ్చింది. పదకొండింట్లో రెండు పాస్. తొమ్మిది ఫెయిల్.

శ్రీవత్సకు మండింది. గ్యారేజీ ముందే నిలబడి అడిగాడు. "నాలుగో కథ ఎందుకు ఫెయిలండీ? అది నా బెస్ట్ కథ!"

"మూడో పేజీలో నీ హీరోకి రెక్కలొచ్చాయా?"

"వచ్చాయి."

"ఏడో పేజీలో బస్‌స్టాపులో నిలబడ్డాడా?"

"నిలబడ్డాడు. అయితే?"

"అయితేనా? రెక్కలున్నవాడు హామిల్టన్‌లో బస్సు కోసం ఎదురుచూస్తాడా? ఈ ఊళ్ళో రెక్కల్లేనివాడే బస్సెక్కడయ్యా!"

"అది అతని ఇష్టం సార్."

"ఇష్టమైతే ఇష్టమని రాయి. వర్షం పడుతోందని రాయి, రెక్కలు తడిస్తే జలుబు చేస్తుందని రాయి. ఏదో ఒకటి రాయి. నువ్వు మర్చిపోయావు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది మర్చిపోయావని."

నిజంగానే మర్చిపోయాడు. అందుకే ఇంకా కోపం వచ్చింది. "సరే. మరెలా రాయాలో మీరే చెప్పండి."

ఈశ్వరరావు గారు రెండు చేతులూ పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేశారు. "నేను చూసేవాణ్ణే, బాగుచేసేవాణ్ణి కాదు. ఇన్‌స్పెక్టర్ స్పానర్ పట్టుకోకూడదు. తీసుకెళ్ళి మరమ్మతు చేసుకుని ఇరవై ఎనిమిది రోజుల్లో పట్రా. రీచెక్ ఫ్రీ."

శ్రీవత్స ఇంటికెళ్ళి కథలన్నీ చించేద్దామనుకున్నాడు. చించలేదు. పార్సిల్‌కీ పార్సిల్‌కీ మధ్య వ్యాన్‌లోనే కూర్చుని తిరగరాశాడు. ఇరవై ఏడో రోజున పట్టుకెళ్ళాడు. ఈసారి నాలుగు పాస్, ఏడు ఫెయిల్. మళ్ళీ రాశాడు. ఆరు పాస్. సిలిండర్‌లో మేఘాలు నింపి అమ్మే మనిషి కథ మీద గంటన్నర పోట్లాట జరిగింది. "మేఘం అమ్మాడు సరే, ఖాళీ సిలిండర్ వెనక్కి తీసుకుంటాడా, లేదా?" అని ఈశ్వరరావు గారు పట్టుబట్టారు. శ్రీవత్స మూడు రోజులు ఆయన్ని తిట్టుకుని, నాలుగో రోజు ఖాళీ సిలిండర్ వెనక్కి తెచ్చిన ముసలావిడను కథలో పెట్టాడు. అక్కడే కథ లేచి కూర్చుంది. ఈశ్వరరావు గారు కూడా లేచారట, కుర్చీలోంచి. సుభద్ర గారు చెప్పారు. ఏడు పాస్.

ఆ ఫిబ్రవరిలో ఒక రోజు పార్సిళ్ళ పని మీద శ్రీవత్స ఆక్లాండ్ శివార్లలోని పాపకూర వెళ్ళాడు. అక్కడ ఇండియన్ కిరాణా కొట్లో పాలకూర ఏరుకుంటున్న ఒకావిడ, నాగమణి ఆంటీ అట, కౌంటర్లో అతను పేరు చెప్పడం వినగానే పట్టుకుంది.

"శ్రీవత్స అంటే నువ్వేనా బాబూ? నీ పుస్తకం ఫెయిలైందటగా?"

"మీకెవరు చెప్పారాంటీ?"

"ఈశ్వరరావు గారు. మొన్నాదివారం ఇంటింటికీ తిరిగారుగా. పాపం, నాలుగు కథలు అస్సలు కదలట్లేదని చెప్పారు. ఏం పర్లేదులే, నీది చిన్న వయసు."

శ్రీవత్స వ్యాన్‌లోకొచ్చి ఆయనకు ఫోన్ చేశాడు. "మీరు పాపకూర వచ్చారా?"

"వచ్చాను. వచ్చే ఆదివారం బోటనీ డౌన్స్ వెళ్తున్నా. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు" అన్నారు ఈశ్వరరావు గారు హుషారుగా.

"నా కథల గురించి చెప్తున్నారా?"

"నీ కథల గురించే. ఇంకేం పని నాకు? ఉంటానయ్యా, నెత్తిమీద కారుంది." కట్.

ఆ తర్వాత ఎటు వెళ్ళినా అదే గోల. హామిల్టన్ బయట డెయిరీ ఫాంలో పాలు పిండే కొమురయ్య పార్సిల్ మీద సంతకం పెడుతూ, "ఏం తమ్మీ, పాసైనవా?" అన్నాడు. శ్రీవత్స ఊళ్ళో తలెత్తుకోలేకపోయాడు. సంఘం వద్దనడం వేరు. వద్దనకముందే ఆక్లాండ్ దాకా వెళ్ళి దండోరా వేయడం వేరు. ఇంట్లో నాన్న చెవినా ఇది పడే ఉంటుంది. కానీ ఆయన అడగలేదు. పాలు ఉన్నాయా అని మాత్రం అడిగాడు.

మార్చి మొదటి ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాల్లో కమిటీ సమావేశం. శ్రీవత్స నిర్ణయించుకునే వెళ్ళాడు. ఈశ్వరరావు గారిని అందరి ముందూ నాలుగు కడిగేసి, కథలు తీసుకుని బయటికొచ్చేస్తాడు. కాలేజీలో చేరాల్సి వస్తే చేరతాడు గానీ ఈ మనిషికి మాత్రం మళ్ళీ మొహం చూపించడు.

అధ్యక్షుడు శేషయ్య గారు ముందే తేల్చేసినట్టు మాట్లాడారు. "బాబూ, నీ కష్టాన్ని కాదనను. కానీ ఎవరు చదువుతారు చెప్పు? తెలుగొచ్చిన పెద్దవాళ్ళకి గ్రహాంతరాలు అక్కర్లేదు. గ్రహాంతరాలు కావలసిన పిల్లలకి తెలుగు రాదు. పోయినేడాది అచ్చేసిన వ్యాసాల పుస్తకం ఇంకా మా గరాజ్‌లో పెట్టెల్లోనే ఉంది. దాని మీద మా ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. ఈశ్వరరావు గారూ, మీ తనిఖీ ఏమైంది?"

ఈశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. "ఏడు పాస్. నాలుగు ఫెయిల్."

"విన్నావుగా" అన్నారు శేషయ్య గారు.

శ్రీవత్స కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "వినడమేంటి, ఆక్లాండ్ మొత్తం విన్నది! సార్, నేను మీకేం అన్యాయం చేశానండీ? ఫెయిల్ అంటే నాకు చెప్పండి, ఊరూరా తిరిగి..."

"నువ్వు కూర్చో" అన్నారు ఈశ్వరరావు గారు. "ఇన్‌స్పెక్షన్ మధ్యలో బండి మాట్లాడకూడదు." ఆ మాట అని, బల్ల కింద నుంచి సంచి తీసి, అందులోని కాగితాల కట్టను శేషయ్య గారి ముందు పెట్టారు.

"ఏంటివి?"

"నూట నలభై మూడు ఫారాలు. తెలుగులో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల పుస్తకం వస్తే అందులో మీకేం కావాలి అని అడిగాను. హామిల్టన్, పాపకూర, బోటనీ డౌన్స్. చదవండి."

శేషయ్య గారు పైన ఉన్నది తీశారు. "'రాకెట్లో వంటిల్లు ఎక్కడుందో చెప్పాలి. గ్రహాంతరవాసి ఇంటికొస్తే చెప్పులు బయట విడవాలి. నాగమణి.' ఇదేంటండీ?"

"తర్వాతది."

"'ఒక్క కథల్నన్న ఆవు ఉండాలె. ఊకె ఉండుడు గాదు, దానికేదన్న పని ఉండాలె. కొమురయ్య.'" హాల్లో ఎవరో నవ్వారు. ఆయన ఇంకోటి తీశారు. "'కథ అయిపోయినట్టు చదివేవాళ్ళకి కూడా తెలియాలి. సుభద్ర.' ఇది మీ ఇంట్లోదేగా!"

"మాదైనా లెక్కలోకి ఇల్లేగా. ఇంకోటి తీయండి. ఆ పచ్చ కాగితం."

శేషయ్య గారు పచ్చ కాగితం తీసి, చదవబోయి, ఆగిపోయారు.

"పైకి చదవండి" అన్నారు ఈశ్వరరావు గారు.

"ఇది... ఇది డిసెంబర్లో పెట్రోల్ బంకులో మీరు నా కారు డోర్ పట్టుకుని వదలకపోతే రాశాను."

"చదవండి."

"'సంఘం అధ్యక్షుడు అనే పాత్ర ఉంటే, మంచివాడై ఉండాలి. శేషయ్య.'"

హాలు గొల్లుమంది. నవ్వు ఆగేదాకా ఆగి, ఈశ్వరరావు గారు అడిగారు. "కింద వాక్యం కూడా చదవండి. సంతకం పైన ఉన్నది."

"చదివి తేల్చవలసిన బాధ్యత నాదే..."

"అందరూ పెట్టారు ఆ సంతకం. నూట నలభై ముగ్గురూ. ఇందులో సగంమంది ఇండియా నుంచి వచ్చాక ఒక్క తెలుగు పుస్తకం ముట్టుకోలేదు. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి, నా ఆవు వచ్చిందా, నా వంటిల్లు వచ్చిందా అని నా ప్రాణం తీస్తున్నారు. నాలుగు కథలు ఆగాయని చెప్తే, ఆ కుర్రాణ్ణి తొందరగా బాగుచేయమనండి అంటున్నారు. ఎవరు చదువుతారు అన్నారుగా. వీళ్ళు చదువుతారు. పుస్తకం బాగుందా అని అడిగితే బాగుందని చెప్పి పారిపోతారండీ. నీకేం కావాలి అని అడిగితే కదలరు."

శ్రీవత్స లేచినవాడు లేచినట్టే ఉన్నాడు. కడిగేద్దామని తెచ్చుకున్న మాటలన్నీ మింగేసి, కూర్చున్నాడు.

నాలుగు కథలు పదిరోజుల్లో రీచెక్ కావాలన్న షరతు మీద కమిటీ ఒప్పుకుంది. షరతు పెట్టింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

బయట కార్ పార్కులో శ్రీవత్స సంచి అందుకున్నాడు. "ఆదివారాలన్నీ ఇలా తిరిగారా? నాకో మాట చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు వాళ్ళకి నచ్చేలా రాద్దామని చూస్తావు. చెడిపోతావు" అన్నారు ఈశ్వరరావు గారు కారు టైరును ఒకసారి కాలితో తన్ని చూస్తూ. "అయినా నాకు ఖాళీయే కదా. ఆ కట్ట ఇటివ్వు. అడుగున ఉన్నది చూడకు. దాని తనిఖీ ఇంకా పూర్తి కాలేదు."

చూడవద్దన్నాక చూడని వయసు కాదు శ్రీవత్సది. లాగాడు. నాన్న చేతిరాత.

'పుస్తకం బాగుండకూడదు. బాగుంటే మావాడు ఇక కాలేజీ మొహం చూడడు. రాజారావు.'

"మా నాన్నని కూడా..."

"జనవరిలో కారు వారంట్‌కి తెచ్చారు. కారు పాసైంది. స్టిక్కర్ అంటించాను. ఫారం రాసేదాకా తాళం ఇవ్వలేదు." ఈశ్వరరావు గారు నేల చూపులు చూశారు. "రాసింది బాగుందో లేదో నేను అడగలేదయ్యా. అంచనా అడిగాను, ఇచ్చారు. సంతకం పెట్టాక చదవాలిగా మరి. పాసైన కథలు ఎప్పటికప్పుడు జిరాక్స్ తీసి ఇస్తున్నాను. ఏడోది పోయిన వారం ఇచ్చాను. ఆ ఫారం నువ్వే పట్టుకెళ్ళి ఇవ్వు. ఫలితం వెయ్యాలి."

ఇంటికొచ్చేసరికి రాజారావు భోజనాల బల్ల దగ్గర ఉన్నాడు. ముందు జిరాక్స్ కాగితాలు. కొడుకును చూసి దాచబోయి, చేతిలో ఫారం చూసి మానేశాడు. శ్రీవత్స కాగితం బల్ల మీద పెట్టాడు. రాజారావు కళ్ళజోడు సర్దుకుని, తను రాసిన వాక్యం తనే ఒకసారి చదువుకుని, ఫలితం గడిలో పెద్ద ఇంటూ మార్కు వేశాడు.

శ్రీవత్సకు నాన్న వేసిన ఇంటూ తన కథలకు కాదనీ, కథలు బాగుండకూడదన్న మాటకనీ అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది.

"ఏరా, ఆ చిట్టచివరి గ్రహం మీద కాపలా ఉన్న ముసలాయన్ని అక్కడే వదిలేశావేంటి?" అన్నాడు రాజారావు కాగితాల్లోంచి తలెత్తకుండా. "వాళ్ళ పిల్లలెవరూ ఫోనన్నా చెయ్యరా?"

"చేస్తారు నాన్నా. సిగ్నల్ రావడానికి టైం పడుతుంది."

"అది రాయి మరి. చదివేవాడికెలా తెలుస్తుంది?"

ఫోన్ మోగింది. రాజారావు తీశాడు. అవతల ఎవరో శ్రీవత్సకు చెప్పకుండానే తెలిసింది.

"ఆఁ, ఇచ్చాడండీ. ఇప్పుడే వేశాను" అన్నాడు రాజారావు. "ఫెయిలండీ ఈశ్వరరావు గారూ, నా అంచనా. పూర్తిగా ఫెయిల్." కాసేపు విన్నాడు. కొడుకు వైపు ఒకసారి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. "అబ్బే, లేదండీ. నాకేం బాధగా లేదు."